అరికాళ్ల మంటకు మింగిన మాత్రలు: ఏది పనిచేసింది, ఏది పర్సు ఖాళీ చేసింది

రిపోర్టులో పెరిఫెరల్ న్యూరోపతి (కాళ్లూ చేతుల నరాలు దెబ్బతినడం) అని కనబడగానే చాలామంది చేసే పని నేరుగా మందుల షాపుకెళ్లి "నరాల బలానికి ఏదైనా ఇవ్వండి" అని అడగడం. చెన్నైలో అడిగినా నెల్లూరులో అడిగినా చేతికొచ్చేది ఒకే రకం సరుకు. ఒక క్యాప్సూలు, అందులో మిథైల్‌కోబాలమిన్ (బీ12లో ఒక రకం), ఆల్ఫా లిపోయిక్ యాసిడ్, ఫోలిక్ యాసిడ్, బీ6, ఒక్కోసారి బెన్‌ఫోటియమిన్ (బీ1లో ఒక రకం), ఇంకా పేరు పలకలేనివి రెండుమూడు. అన్నీ ఒకే గొట్టంలో కూరితే ఏది పనిచేసిందో, ఏది ఊరికే కడుపులోకి పోయిందో ఎవరికి తెలుస్తుంది? మూడేళ్లకు పైగా వీటిని కలిపీ వాడాను, విడదీసీ వాడాను. చాలావరకు డాక్టరుకు చెప్పే చేశాను.

వయసు అరవైకి దగ్గర. ఉండేది మైలాపూర్, పుట్టిల్లు నెల్లూరు. గుడ్డు కూడా ముట్టని ఇల్లు. షుగరుకు పదేళ్లకు పైగా మెట్‌ఫార్మిన్, గ్యాస్ కోసం పొద్దున్నే పాంటోప్రజోల్. ముందు బొటనవేళ్లు మొద్దుబారాయి. తర్వాత రాత్రిళ్లు అరికాళ్లలో మంట, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంత. ఒకరోజు మా మైలాపూర్‌లోనే లజ్ కూడలి దగ్గర నడుస్తుంటే పూలమ్మే ఆవిడ వెనక నుంచి కేకేసి చెప్పేదాకా ఎడమకాలి చెప్పు జారిపోయిన సంగతే తెలియలేదు. మంట కంటే అదే ఎక్కువ భయపెట్టింది.

ఇంటి వైద్యాల గురించి రెండు ముక్కలు. నాగేశ్వరరావు పార్కులో నడిచొచ్చి, ఆ పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి అమృతాంజనమే కాళ్లకు పూసుకునేదాన్ని. 1893 నాటి మందు, తలనొప్పికి నాకు ఇప్పటికీ అదే. ఈ మంటకు మాత్రం ఆ చల్లదనం ఆరేదాకానే. మా ఆడపడుచు పంపిన నూనెదీ అదే కథ. "వదినా, మర్దనా చేస్తే రక్తం ఆడుతుంది" అంటుంది, ఆడుతుందేమో, నిద్ర మాత్రం పట్టలేదు. వేడినీళ్లలో ఉప్పేసి కాళ్లు పెట్టుకోమని చెప్పేవాళ్ల మాట మాత్రం అస్సలు వినకండి. మొద్దుబారిన కాలికి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియదు, బొబ్బలెక్కాకే తెలుస్తుంది.

షుగరు చూసే డాక్టరు "షుగరుంటే ఇది మామూలేనమ్మా" అని ఒక క్యాప్సూలు రాసేశారు. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాకే అసలు వెతుకులాట మొదలైంది. ఆయన ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నా బొటనవేలి ఎముక మీద ఆనించి, "వణుకు ఆగగానే చెప్పండి" అన్నారు. ఆగిందన్నాను. అదే ఫోర్క్ తీసి నా చేతి మణికట్టు మీద పెడితే ఇంకా గుయ్యిమంటూనే ఉంది! మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నాయేమో చూశారు. ఎందుకని అడిగితే, మన దేశంలో నరాలు దెబ్బతినడానికి కుష్ఠు కూడా ఒక కారణమని, దాన్ని తోసిపుచ్చకుండా ముందుకు పోకూడదని చెప్పారు. ఆ తర్వాత థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, కిడ్నీలకు క్రియాటినిన్, రక్తంలో ప్రొటీన్లు చూసే ఎలక్ట్రోఫొరెసిస్, నరాల పనితీరు చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష. మందు తాగే అలవాటుందా, క్యాన్సరు మందులేమైనా వాడారా, టీబీ మందులేమైనా వాడారా, ఇలా ప్రశ్నలే ప్రశ్నలు.

మూడు నెలల షుగరు సగటు (హెచ్‌బీఏ1సీ) 7.4. మరీ ఘోరమేమీ కాదు. బీ12 మాత్రం 148 (మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో). 200 కంటే తక్కువుంటే లోపమనే అంటారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. బీ12 మొక్కల్లో దొరకదు, మాలాంటి వాళ్లకు పాలూ పెరుగే దిక్కు. ఆహారంలోని ప్రొటీన్ నుంచి దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి, ఆ ఆమ్లాన్ని పాంటోప్రజోల్ నొక్కేస్తుంది. ఆ వచ్చిన కాస్తనూ చిన్నపేగు చివరి భాగం పీల్చుకోవాలి, అక్కడ మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. రోజూ బుద్ధిగా వేసుకున్న రెండు మాత్రలు రెండువైపుల నుంచీ దారి మూసేశాయి! మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గడం అరుదైన సంగతి కాదు, తరచూ కనబడేదేనని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లోనే హెచ్చరించింది. అలాగని మెట్‌ఫార్మిన్ ఎవరూ సొంతంగా ఆపకండి, నాకూ ఆపలేదు. బీ12 పరీక్ష మాత్రం అడిగి చేయించుకోండి. పాంటోప్రజోల్‌ను డాక్టరే మెల్లగా తగ్గించి మాన్పించారు.

ఇక వాడినవాటి సంగతి.

మిథైల్‌కోబాలమిన్: మొదట ఇంజెక్షన్లు, తర్వాత రోజుకొక 1500 మైక్రోగ్రాముల మాత్ర. మనిషికి రోజుకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములైతే ఇంత పెద్ద మోతాదెందుకని నాకూ అనుమానం వచ్చింది. పేగు పీల్చుకునే అసలు దారి మూసుకుపోయినా, పెద్ద మోతాదు వేస్తే అందులో ఒక శాతం వరకూ మరో దారిన దానంతటదే రక్తంలోకి చేరుతుందట. ఆ ఒక శాతమే మనకు ఎక్కువ. రెండో నెల దాటాక రాత్రి మంట తగ్గడం తెలిసింది. నడకలో తూలడం ఇంకాస్త ఆలస్యంగా తగ్గింది. వేళ్ల చివర మొద్దు ఇంకా ఉంది, అది పూర్తిగా పోతుందని డాక్టరు కూడా మాటివ్వలేదు. నరం బాగుపడటం అంత నెమ్మది, తెగిన నరం తిరిగి పెరిగే వేగమే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. వీటన్నిటిలో చవకైనదీ ఇదే, పనిచేసిందీ ఇదే. బీ12 తక్కువ లేనివాళ్లకు ఇంతలా పనిచేస్తుందని మాత్రం నేను చెప్పను. మా పక్కింటాయనకు బీ12 నిండుగా ఉంది, అదే మాత్ర ఏడాది వేసుకున్నా ఏ తేడా లేదు.

ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 600 మిల్లీగ్రాములు, పరగడుపున. మంట మీద కొంచెం పనిచేసినట్టే అనిపించింది. అదే సమయంలో షుగరు కూడా తగ్గింది కాబట్టి ఘనత ఎవరికివ్వాలో తేల్చలేను. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో అయిదు వారాల్లోనే బాధలు తగ్గాయన్నారు. 600 దాటి మోతాదు పెంచితే లాభం పెరగలేదు, వికారమే పెరిగింది. 2024లో అలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, ఆరు నెలల దగ్గర పెద్దగా తేడా లేకపోవచ్చని తేల్చింది. నాకు గుండెల్లో మంట మొదలైంది, పైగా నెలకు వెయ్యి దాటే ఖర్చు. డబ్బా అయిపోయాక మళ్లీ కొనలేదు, కాళ్ల మంట పెరగనూ లేదు. బెన్‌ఫోటియమిన్ విడిగా వాడితే మంచీ కనబడలేదు, చెడూ కనబడలేదు.

అసలు చెప్పాల్సింది బీ6 గురించి. మందుల షాపు అబ్బాయి "ఇది పవర్‌ఫుల్ అమ్మా" అని ఒక నరాల క్యాప్సూలు ఇచ్చాడు. ఇంట్లో అప్పటికే బీ కాంప్లెక్సు ఉంది, మా అమ్మాయి కొనిచ్చిన మల్టీవిటమిన్ ఉంది. మూడు స్ట్రిప్పులూ వెనక్కి తిప్పి, కళ్లజోడు సరిపోక ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, మూడింట్లోనూ పిరిడాక్సిన్! అదే బీ6. ఇది తక్కువైనా నరాలు దెబ్బతింటాయి, నెలల తరబడి ఎక్కువైనా దెబ్బతింటాయి. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవాళ్లకు బీ6 కలిపి ఇచ్చేది మొదటి ప్రమాదం తప్పించడానికి. రెండోది మనం డబ్బులిచ్చి కొనుక్కునేది. అమెరికా పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాములను పైహద్దుగా పెట్టింది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పైహద్దును 12కు దించింది. నా మూడూ కలిపితే 100 దాటింది. తిమ్మిరి తగ్గాలని వేసుకునే మాత్ర తిమ్మిరి తెస్తే ఎవరితో చెప్పుకోవాలి? స్ట్రిప్పు ముందువైపు "నెర్వ్ కేర్" అని అరచేతంత అక్షరాలు, వెనకవైపు మోతాదు మాత్రం ఆవగింజంత. డాక్టరుకు ఆ ఫొటోలు చూపిస్తే బీ12 ఒక్కటే ఉంచి మిగతావి తీసేయమన్నారు.

జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్లు రక్తపరీక్షకు ముందే ఆ సంగతి చెప్పండి. థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వచ్చే వీలుంది, కారణం వెతికే పనంతా తారుమారవుతుంది.

నెట్‌లో ఆర్డరిచ్చి తెప్పించిన ఒక పొడి గురించి ఎక్కువ రాయను. "తొంభై రోజుల్లో నరాలు కొత్తవవుతాయి" అన్నారు, డబ్బా మీద ఏ మూలిక ఎంత ఉందో లేదు. సగం వాడి పారేశాను.

నిద్ర పట్టించింది ఇవేవీ కాదు, డాక్టరు రాసిన ప్రీగాబలిన్. అది సప్లిమెంటు కాదు, చీటీ మీద ఇచ్చే మందు. మొదట్లో పొద్దున మత్తుగా ఉండేది, పాదాలు కాస్త వాచాయి. మోతాదు తగ్గించాక సర్దుకుంది. ఇప్పుడు అవసరమైన దశ దాటి, ఆయన చెప్పినట్టే నెమ్మదిగా ఆపేశాను.

మాత్రలకు పెట్టిన డబ్బులో కొంత ముందే చెప్పుల మీద పెట్టాల్సిందనుకుంటాను. వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మొద్దుబారిన కాళ్ల కోసం మెత్తటి రబ్బరుతో చేసే) చెప్పులు వచ్చాక జారిపోవడం లేదు. కపాలీశ్వరుడి గుడికి ఎండెక్కకముందే వెళ్తున్నాను, మిట్టమధ్యాహ్నం ఆ రాతి ప్రాకారం మీద అరికాలు కాలినా నాకు తెలియదు మరి. రాత్రి పడుకునే ముందు మా ఆయన టార్చి పట్టుకుంటే, అద్దంలో అరికాళ్లు చూసుకుంటాను.

మళ్లీ కొంటానా అంటే, బీ12 తప్పకుండా, ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ. క్రితంసారి 560 వచ్చింది. లిపోయిక్ యాసిడ్ ఎవరైనా ఊరికే ఇస్తే ఆలోచిస్తాను. ఆ "పవర్‌ఫుల్" క్యాప్సూలు ఊరికే ఇచ్చినా వద్దు.