షుగర్ తగ్గిస్తుందని అమ్మే గ్రీన్ టీ పొడి కొనేముందు డబ్బా వెనక చదవండి

మా అమ్మకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్ళు. మెట్‌ఫార్మిన్ బిళ్ళ వేసుకుంటూ, పొద్దున్నే నడుస్తూ బాగానే ఉండేది, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఎప్పుడూ 7 దగ్గరే. రెండు నెలల క్రితం ఫోన్‌లో ప్రకటన చూసి, వేడినీళ్ళలో కలుపుకునే "డయాబెటిక్ గ్రీన్ టీ" పొడి తెప్పించుకుంది. డబ్బా 1,299 రూపాయలు. అమ్మినవాళ్ళు రెండ్రోజులకోసారి ఫోన్ చేసి, అమ్మగారూ అమ్మగారూ అంటూ, నెల తాగితే బిళ్ళలతో పనే ఉండదని నమ్మించారు. నాకు తెలిస్తే తిడతానని చెప్పలేదు. మూడో వారానికి బిళ్ళ మానేసింది.

మొన్న ఊరెళ్తే మనిషి సగమైపోయింది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తోంది. పరగడుపున చూస్తే 278. చేతులు వణికాయి నాకు.

అప్పుడు డబ్బా తిప్పి చూశాను. పదార్థాల జాబితాలో మొదటిది మాల్టోడెక్స్‌ట్రిన్, రెండోది చక్కెర, గ్రీన్ టీ సారం నాలుగోది. ఏది బరువులో ఎక్కువుంటే దాన్నే ముందు రాయాలన్నది రూల్, అంటే అందులో టీ కంటే చక్కెరే ఎక్కువ. మాల్టోడెక్స్‌ట్రిన్ నోటికి పెద్దగా తీపి తగలదు కానీ ఒంట్లోకి వెళ్ళగానే గ్లూకోజ్ అయిపోతుంది. దీన్ని రోజుకు మూడు గ్లాసులు తాగమన్నారు, షుగర్ మనిషిని!

గ్రీన్ టీని నేను తిట్టడం లేదు. రోజుకు ఆరు కప్పులు, ఆపైన తాగేవాళ్ళకు షుగర్ వచ్చే అవకాశం తక్కువగా కనిపించిందని 2006లో జపాన్ అధ్యయనం ఒకటి వచ్చింది. కానీ అది షుగర్ ఇంకా రానివాళ్ళ లెక్క, బిళ్ళ మానేయడానికి అది ఆధారం కాదు. గ్రీన్ టీ క్యాప్సూల్స్‌తో ఇంకా జాగ్రత్త, అందులో ఉండే ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే లివర్‌కు ఇబ్బంది రావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది.

అసలు షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి ఆ మాటంటే పెట్టేశారు. సీల్ తీశారు కాబట్టి డబ్బులు వెనక్కి రావని మెసేజ్ పెట్టారు. బిల్లు, డబ్బా, వాళ్ళ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, మీరు కొని ఉంటే మీరూ చేయండి.

డాక్టర్‌గారు బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టించారు. నిన్న పరగడుపున 162. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి పొడి తాగుతుంటే, బిళ్ళ వేసుకుంటున్నారో లేదో ఇవాళే అడగండి, కోప్పడకుండా. మా అమ్మ దాచింది నా కోపానికి భయపడే.