ఐదేళ్ళుగా యూట్యూబ్ స్టూడియో వాడుతున్నా, నన్ను మార్చింది మాత్రం ఒక్క గీత

బ్లౌజ్ కటింగ్ వీడియోలు పెడతా నేను. 2020 లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని కూర్చున్నప్పుడు మొదలెట్టా, అంటే ఛానెల్ ఉన్నవాళ్ళు తమ వీడియోల లెక్కలు చూసుకునే ఈ స్టూడియో యాప్ నా ఫోన్‌లో ఐదేళ్ళకి పైగానే ఉన్నట్టు. మిషన్ నేర్చుకోడానికి వచ్చే అమ్మాయిలు, అక్కా ఛానెల్ ఎలా పెంచావు, ఆ యాప్‌లో ఏం చూడాలి అని అడుగుతుంటే ప్రతిసారీ చెప్పలేక రాస్తున్నా.

మొదటి ఏడాది దాన్ని రోజుకి ఇరవై సార్లు తెరిచేదాన్ని, పొయ్యి మీద పాలు పెట్టి సబ్‌స్క్రైబర్లు ఎంతయ్యారా అని చూస్తూ నిలబడేదాన్ని. చూసినందుకు ఒక్కళ్ళు కూడా పెరగలేదు గానీ పాలు మాత్రం చాలాసార్లు పొంగిపోయాయి.

అసలు పనికొచ్చింది రిటెన్షన్ గ్రాఫ్. వీడియోలో ఏ నిమిషం దాకా ఎంతమంది ఉన్నారో గీతలా చూపిస్తుంది, పెట్టిన ఒకటి రెండు రోజులకి వస్తుంది. ఆది జాకెట్టు పెట్టి లైనింగ్ బ్లౌజ్ కట్ చేసే వీడియో ఒకటి పెట్టా, 18 నిమిషాలు, రెండ్రోజులు కష్టపడ్డా. తీరా చూస్తే మొదటి అర నిమిషంలోనే సగం మంది వెళ్ళిపోయారు. ఆ అర నిమిషంలో అంత పాపం ఏం చేశానా అని మళ్ళీ పెట్టుకుని చూస్తే, నమస్తే చెప్పి, ఛానెల్ పేరు చెప్పి, బెల్ కొట్టమని చెప్పి, మా వీధిలో కరెంట్ పోయిన కథ చెప్తున్నా, గుడ్డ ఇంకా టేబుల్ మీదకే రాలేదు! అదే వీడియోలో ఆర్మ్ హోల్ దగ్గర గీత పైకి లేచింది, అంటే జనం వెనక్కెళ్ళి మళ్ళీ మళ్ళీ చూస్తున్నారు, ఎందుకంటే చంక దగ్గర ఎంత లోపలికి తీయాలో నేను గబగబా చెప్పేశా. ఆ ఒక్క ముక్కనే విడిగా ఆరు నిమిషాల వీడియో చేశా, ‘చంక దగ్గర ముడతలు ఎందుకొస్తాయి’ అని. ఇప్పటికీ నా ఛానెల్లో ఎక్కువ మంది చూసేది అదే. గీతలో గుంట పడితే విసుగొచ్చిందని, గుట్ట లేస్తే అర్థం కాలేదనో భలే నచ్చిందనో.

సెర్చ్‌లో ఏం కొట్టి వచ్చారో కూడా చూపిస్తుంది, అది చూశాక సిగ్గేసింది. నేనేమో టైటిల్‌లో ‘ప్రొఫెషనల్ మెథడ్’ అని గొప్పగా పెడుతున్నా, వాళ్ళేమో ‘ఆది బ్లౌజ్‌తో కటింగ్ ఈజీగా’ అని వెతుకుతున్నారు, అది కూడా ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో. అప్పట్నుంచి టైటిల్ రెండు లిపుల్లోనూ పెడుతున్నా.

క్లిక్ శాతం, అంటే మన వీడియో బొమ్మ వందసార్లు కనిపిస్తే ఎన్నిసార్లు నొక్కారో ఆ లెక్క, దాని గురించి కంగారు పడకండి. నాది 4 దగ్గరే ఉండేది, ఏడుపొచ్చేది, తర్వాత యూట్యూబ్ వాళ్ళ హెల్ప్ పేజీలోనే చదివా, సగం ఛానెళ్ళకి 2 నుంచి 10 శాతం మధ్యలోనే ఉంటుందట.

షార్ట్స్, అంటే ఆ చిన్న నిలువు వీడియోల సంగతి నా తెలివితక్కువతనం. హుక్స్ పట్టీ కుట్టే షార్ట్ ఒకటి లక్షల్లో వెళ్ళింది, సబ్‌స్క్రైబర్లు వేలల్లో వచ్చారు, ఇంట్లో స్వీట్లు కూడా పంచా. తర్వాత పెద్ద వీడియో పెడితే వాళ్ళలో ఒక్కరూ రాలేదేమో అనిపించింది. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ యాడ్స్ డబ్బులకి కావాల్సిన 4000 గంటల లెక్కలోకి రాదని ముందే చదువుకుని ఉండాల్సింది. యాడ్స్ డబ్బులు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, దాంతో పాటు జనం ఏడాదిలో 4000 గంటలు చూసి ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ ఉండాలి, ఆ కోటి నావల్ల కాలేదు, గంటలతోనే దాటా. ఇంకోటి, 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవ్వడం మొదలైతే చాలు వ్యూ కింద లెక్కే, కాబట్టి ఒక్కసారిగా పెరిగాయని స్వీట్లు కొనకండి.

సబ్‌స్క్రైబర్లని అమ్మేవాడొకడు తగిలాడు, పదిహేను వందలు ఇచ్చా, రెండు నెలల్లో వచ్చినవాళ్ళు వచ్చినట్టే మాయం. ఇంక దాని గురించి మాట్లాడను.

ఆడియన్స్ ట్యాబ్‌లో ఊదా రంగు గడులుంటాయి, మనవాళ్ళు ఏ టైమ్‌లో యూట్యూబ్‌లో ఉంటారో చూపిస్తాయి. నావాళ్ళు మధ్యాహ్నం రెండు దాటాక, అన్నాలయ్యి గిన్నెలు తోముకున్నాక. అందుకే ఒంటిగంటన్నరకి పెడతా. దేశాల లిస్టులో కువైట్ చూసి మొదట ఆశ్చర్యపోయా, తర్వాత కామెంట్లలో తెలిసింది, కడప వైపు నుంచి ఇళ్ళల్లో పనికెళ్ళిన ఆడవాళ్ళట, శుక్రవారం సెలవు దొరికితే చూస్తారట. వాళ్ళ కోసం గురువారం రాత్రి ఒకటి తప్పకుండా పెడతా.

యాప్‌కి ఐదుకి నాలుగు ఇస్తా. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, చూస్తూ కూర్చుంటే కుట్టాల్సిన జాకెట్లు కుప్పబడతాయి, అది నా బుద్ధి తప్పేలెండి.

నిన్నటి వీడియోలో నాలుగో నిమిషం దగ్గర మా అత్తగారు లోపల్నుంచి ‘కుక్కర్ ఎన్ని కూతలు కూసిందే’ అని అరిచారు. అక్కడ గుంట ఉంటుందని భయపడుతూ తెరిచా, చూస్తే గుట్ట! జనం వెనక్కెళ్ళి మరీ విన్నారు. కట్ చేయకుండా వదిలేశా.