అత్తయ్యగారి మడత మంచం పట్టే ట్రైలర్

రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే అత్తయ్యగారు పక్క మీద లేచి కూర్చుని ఉన్నారు. బయట హోరుగాలి. కాన్వాస్ గోడ ఒకసారి పొట్టలా ఉబ్బుతుంది, మరుక్షణం లోపలికి పీల్చుకుపోతుంది, ప్రతిసారీ పడవ తెరచాప కొట్టుకున్నట్టు చప్పుడు. "ఏమైంది అత్తయ్యా?" అని అడిగితే, "బాత్రూముకు వెళ్లాలమ్మాయ్. ఆ ఇనుప మెట్లు చీకట్లో దిగలేను. నిన్ను లేపాలా వద్దా అని గంట నుంచి చూస్తున్నాను" అన్నారు.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ కొండల మధ్య, అరూనా అనే చోట ఆ రాత్రి గడిపాం. అప్పటిదాకా ఈ ట్రైలర్ల (బండి వెనక లాక్కెళ్లి, ఆగిన చోట విప్పితే గుడారమయ్యేవి) గురించి మేము వేసుకున్న ప్రశ్నలన్నీ ఇనుము గురించి: చట్రం ఎంత మందం, సస్పెన్షన్ ఏ రకం, కింద నేలకూ ఇరుసుకూ ఎంత ఎడం. ఆ ఇనుప మెట్ల ఎత్తు ఎంతో ఒక్కరోజూ కొలిచి చూడలేదు.

మేము మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నిట్‌లో ఉంటాం. మావారు, నేను, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, రాజమండ్రి నుంచి ఏటా కొన్ని నెలలు వచ్చి ఉండే అత్తయ్యగారు. ఐదుగురికి సెలవుల్లో క్యాబిన్ దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది. మామూలు కారవాన్ తారు రోడ్డు దాటి గతుకుల దారిలోకి వెళ్లడానికి పనికిరాదు. మాకేమో చూడాలని ఉన్నవన్నీ మట్టి రోడ్ల చివర ఉన్నాయి. అందుకని ఆఫ్-రోడ్ క్యాంపర్ ట్రైలర్ కొనాలనుకున్నాం. కొనేముందు ఏడాదిన్నరలో మూడు రకాలు అద్దెకు తీసుకుని మూడు ప్రయాణాలు చేశాం. అద్దెలకు పెట్టిన డబ్బు వృథా అని స్నేహితులు అన్నారు. ఒక్క డాలరు కూడా వృథా కాలేదని గట్టిగా చెబుతాను.

మొదటిది అన్నిటికన్నా చవకది, తేలికది: సాఫ్ట్ ఫ్లోర్. ట్రైలర్ పైన పెద్దవాళ్ల పరుపు, పక్కన నేల మీద పరుచుకునే కాన్వాస్ గది. ఈస్టర్ సెలవుల్లో దాన్ని తీసుకుని గ్రాంపియన్స్ కొండల్లోని హాల్స్ గ్యాప్‌కు వెళ్లాం. మెల్‌బోర్న్ నుంచి మూడు గంటల పైచిలుకు దారి. ఊరు చక్కగా ఉంది, పార్కు స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి, సాయంత్రమైతే కంగారూలు గుడారాల మధ్యే మేస్తుంటాయి. కానీ గుడారం నిలబెట్టడానికి యాభై నిమిషాలు పట్టింది. రెండో రోజు వాన. నేలగుడ్డ కింద నీరు చేరి పిల్లల పరుపు అంచులు తడిశాయి. తడి కాన్వాస్‌ను అలాగే మడిచి ఇంటికి తెచ్చి, మళ్లీ విప్పి, గ్యారేజీలో రెండు రోజులు ఆరబెట్టాల్సి వచ్చింది. అలా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది, పడితే ఆ మచ్చలు ఇక పోవు. ఇద్దరు చిన్నవయసు వాళ్లకైతే ఇది మంచి బేరమే. మాకు కాదని అక్కడే తేలిపోయింది.

రెండోది సెప్టెంబరు బడి సెలవుల్లో, ఫ్లిండర్స్‌కు. పది రోజులు, పోవడానికే మిల్డూరా మీదుగా 1,100 కిలోమీటర్ల పైన. ఈసారి తీసుకున్నది హార్డ్ ఫ్లోర్‌లో ఫార్వర్డ్ ఫోల్డ్ రకం: మూత ముందుకు తెరుచుకుని, బండికి తగిలించే ఇనుప దూలం మీద పెద్ద పరుపు అవుతుంది. వెనక ట్రైలర్ లోపలే బల్లలు, వాటిని కలిపితే రెండో పక్క. ప్రదర్శనల్లో అందరి కళ్లూ దీని మీదే, మా కళ్లు కూడా.

బయలుదేరే ముందు రోజు లారీలను తూచే కాటా మీద తూయించాం. ఇది ప్రతి కుటుంబం చేయాల్సిన పని. ట్రైలర్ మీద అతికించిన పలకలో రెండు అంకెలు చూడాలి. టేర్ అంటే ఖాళీ బరువు. ఏ.టి.ఎం. అంటే సామానంతా నింపాక దాటకూడని మొత్తం బరువు. మాకిచ్చినదానికి ఖాళీ బరువు 1,580, హద్దు 2,000. మధ్యలో మిగిలిన 420 కిలోలే మన సంసారం. నీళ్ల ట్యాంకులో 140 లీటర్లు నింపితే 140 కిలోలు అక్కడే పోయాయి. గ్యాస్ సిలిండర్లు, సామానుతో ఫ్రిజ్, కుర్చీలు, పరుపులు, బియ్యం, పప్పులు పెట్టేసరికి కాటా 1,990 చూపించింది.

అంతకన్నా ముఖ్యమైనది టో బాల్, అంటే ట్రైలర్‌ను తగిలించే బండి వెనక ఇనుప గుండు, దాని మీద పడే బరువు. సాధారణంగా ట్రైలర్ బరువులో పదో వంతు దాకా ఉంటుంది. మాది 185 కిలోలు. ఆ బరువు బండి మోసేదే కనుక బండి లెక్కలోకీ వస్తుంది. మా ప్రాడో 3,000 కిలోలు లాగగలదని కాగితం మీద ఉంది, అమ్మేవాళ్లు ఆ ఒక్క అంకే చెబుతారు. బండి సొంత బరువూ, దాని మీద మోసేదీ కలిపిన మొత్తానికి మరో హద్దు ఉంది, 2,990 కిలోలు. ఐదుగురం ఎక్కి, వెనక సామాను పెట్టి, ఆ 185 కలిస్తే 2,960 తేలింది. పై కప్పు మీద ఇంకో పెట్టె కట్టుకుని ఉంటే హద్దు దాటేవాళ్లం. ఎన్ని కిలోలు లాగుతుందని అడిగేవాళ్లు అందరూ ఉన్నారు, ఎన్ని కిలోలు మోస్తుందని అడిగేవాళ్లు తక్కువ. పిల్లలను ఎక్కించుకుని వెళ్లేటప్పుడు రెండోదే ముందు అడగాలి.

మిల్డూరా దాటి దక్షిణ ఆస్ట్రేలియాలోకి వెళ్లేటప్పుడు యాంబా దగ్గర తనిఖీ కేంద్రం ఉంది. పండు ఈగ రాకుండా పళ్లు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, వంకాయలు అక్కడే వదిలేయాలి. అత్తయ్యగారు పెరట్లో పెంచిన మిరపకాయలు డబ్బాలో పడుతుంటే చూడలేక ముఖం తిప్పుకున్నారు. ఆ దారిన వెళ్లే తెలుగువాళ్లు ఎండు మిరపకాయలు, కంది పొడి, పులిహోర పులుసు తీసుకెళ్లండి, పచ్చి కూరలు అవతల కొనుక్కోండి.

ఫ్లిండర్స్‌లో మూడు చోట్ల బస చేశాం. మొదటి మూడు రాత్రులు రాన్స్‌లీ పార్క్ స్టేషన్‌లో. ఒకప్పుడు గొర్రెల పెంపక క్షేత్రం. కరెంటు ఉన్న స్థలాలు, వేడినీళ్లు, ఒక్కో కుటుంబానికి ధారాళంగా చోటు. పొద్దున టీ గ్లాసు పట్టుకుని కూర్చుంటే ఎదురుగా విల్పీనా పౌండ్ అనే గిన్నెలాంటి కొండల వలయం దక్షిణపు గోడ ఎర్రబడుతూ ఉంటుంది. తర్వాత రెండు రాత్రులు విల్పీనా పౌండ్ రిసార్ట్ వారి క్యాంపు స్థలంలో. నడక దారులు గుడారం ముందు నుంచే మొదలవుతాయి, దుకాణం, పెట్రోలు అక్కడే దొరుకుతాయి. కాకపోతే సెలవుల రద్దీలో పక్కవాళ్ల మాటలు కూడా వినబడేంత దగ్గర. పెద్దవాళ్లూ పసివాళ్లూ ఉంటే రాన్స్‌లీ, కొండలెక్కే ఉత్సాహం ఉంటే విల్పీనా అని నా సలహా.

మూడోది జాతీయ పార్కు లోపలి అరూనా. గుంత మరుగుదొడ్డి తప్ప మరే వసతీ లేదు. ముందే ఆన్‌లైన్‌లో స్థలం తీసుకోవాలి, అక్కడికి చేరాక ఫోను పలకదు. అయినా మొత్తం ప్రయాణంలో నాకు ప్రాణం లేచి వచ్చింది ఆ రెండు రోజులే. బ్రాకీనా గార్జ్‌లో 20 కిలోమీటర్ల దారి వాగు రాళ్ల మీదుగా సాగుతుంది, 13 కోట్ల సంవత్సరాల పాటు పేరుకున్న రాతి పొరలు పక్కనే పేర్చినట్టుంటాయి. ఆ లోయలో ఒక రాతి పొరకు కొట్టిన గుర్తు ఉంది. భూమి చరిత్రలో ఎడియాకరన్ యుగం అక్కడ మొదలవుతుందని 2004లో ప్రపంచ శాస్త్రవేత్తలు ఒప్పుకున్నారు. రాళ్ల గురించి రాసి పెట్టిన ప్రతి పలక దగ్గరా మా బాబు బండి ఆపించాడు. సాయంత్రం రాళ్ల మీద పసుపు పాదాల వాలబీ ఒకటి కూర్చుంది. తోక పొడవునా గాజులు తొడిగినట్టు పట్టీలు. పాప ఊపిరి బిగబట్టి చూసింది. రాత్రి ఆకాశం నిండా చుక్కలు. అత్తయ్యగారు ధ్రువ నక్షత్రం కోసం వెతికారు. ఇక్కడి నుంచి అది ఎప్పటికీ కనబడదని చెబితే కాసేపు మాట్లాడలేదు.

ఆ దారే ట్రైలర్ అసలు రంగు బయటపెట్టింది. దుమ్ము చొరదని హామీ ఇచ్చి అద్దెకిచ్చారు. వంటగది సొరుగు లాగితే కుంకుమంత మెత్తటి ఎర్రదుమ్ము. కందిపప్పు డబ్బా మూత చుట్టూ ఎర్రటి వలయం, ఇనుప పట్టాల వెంట గీత గీసినట్టు దుమ్ము. టార్చి వేసి చూస్తే తలుపు మూలన రబ్బరు అంచు నలిగి, గోరు దూరేంత సందు ఉంది. అక్కడ టేపు వేసి, ముందు వైపు గాలి కిటికీ తెరిచి నడిపాక లోపలి గాలి ఒత్తిడికి దుమ్ము తగ్గింది. టైర్లలో గాలి 38 నుంచి 28కి దించాక గతుకుల అదురు కూడా సగం అయింది. ఆలోపే వంటగది పట్టా బోల్టు ఒకటి ఊడిపోయింది. హాకర్ అనే ఊళ్లో ఒక మెకానిక్ నైలాన్ ఉన్న నట్టు వేసి బిగించి, డబ్బులు ఇస్తుంటే వద్దన్నాడు. అద్దెకిచ్చినవాళ్లు మాత్రం ఆ పాత బోల్టుకు కూడా మా దగ్గరే వసూలు చేశారు. తీసుకునేటప్పుడు ప్రతి మూలా ఫోటో తీసుకోలేదు కనుక వాదించలేకపోయాం.

ఇన్నీ సర్దుకునేవాళ్లమే. గాలి రాత్రి అత్తయ్యగారు గంటసేపు కూర్చుని ఎదురుచూడడం మాత్రం నాకు మింగుడుపడలేదు.

మూడోది హైబ్రిడ్. గోడలన్నీ గట్టివి, పైకప్పు మాత్రం లేస్తుంది. మిల్డూరా నుంచి 110 కిలోమీటర్ల దూరంలోని ముంగో జాతీయ పార్కుకు తీసుకెళ్లాం. ఎండిపోయిన సరస్సు, గాలి చెక్కిన మట్టి గోడలు, 40 వేల ఏళ్ల నాటి మనుషుల అవశేషాలు దొరికిన నేల. క్యాంపు స్థలంలో తాగునీరు ఉండదు, మనమే మోసుకెళ్లాలి. వాన పడితే మట్టి రోడ్డు మూసేస్తారు. మా మూడో రోజు మూసేశారు, ఒక రాత్రి అదనంగా ఉండిపోయాం. ఆ రాత్రి హైబ్రిడ్ విలువ తెలిసింది: ఐదు నిమిషాల్లో సిద్ధం, చినుకు లోపలికి రాలేదు, చప్పుడు లేదు.

అయినా కొనలేదు. దాని హద్దు 2,600 కిలోలు. 2,000 దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, ట్రైలర్ తెగిపోతే దానంతట అదే ఆగే ఏర్పాటు తప్పనిసరి. అవి ఉన్నాయి, మంచిదే. టో బాల్ మీద మాత్రం 240 పడుతోంది, ఐదుగురితో మా బండి హద్దు దాటిపోతుంది. ధర కూడా మిగతావాటికి రెండింతలు. ఇక అత్తయ్యగారికిచ్చిన కింది అరలో ఆవిడ లేచి కూర్చుంటే తల పై అరకు తగులుతుంది. "రైల్లో మధ్య బెర్తులా ఉందమ్మాయ్" అన్నారు, అంతకుమించి ఫిర్యాదు చేయరు.

చివరికి కొన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోని రియర్ ఫోల్డ్, ఏడేళ్ల పాతది. మూత వెనక్కి తెరుచుకుని నేల మట్టానికి గట్టి చెక్క అరుగు అవుతుంది. మా పరుపు ట్రైలర్ మీద, అరుగు మీద పిల్లల పక్కలు, తలుపు పక్కన మడత మంచం. ఖాళీ బరువు 1,150, హద్దు 1,700. చక్రాలు మా ప్రాడోకు సరిపోయేవే, కాబట్టి స్టెప్నీ రెండింటికీ పనికొస్తుంది. చూడడానికి వెళ్లినప్పుడు కింద పడుకుని చట్రం అతుకుల దగ్గర పగుళ్లు వెతికాం, కాన్వాస్ విప్పి మూలల్లో బూజు వాసన చూశాం, చక్రాల బేరింగులు తిప్పి చూశాం, రబ్బరు అంచులన్నీ వేలితో తడిమాం. రబ్బరు మార్చాల్సి వచ్చింది, ఆ మేరకు ధర తగ్గించారు. అత్తయ్యగారిని కూడా తీసుకెళ్లాం. మడత మంచం వేసి, కూర్చోబెట్టి, నిలబడమన్నాం. అమ్మే ఆయన ఓపికగా చూశారు.

మొదటిసారి దాన్ని హటా-కుల్కైన్ పార్కులో మోర్న్‌పాల్ సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లాం. అక్కడి రివర్ గమ్ చెట్ల కొమ్మలు గాలి లేకపోయినా హఠాత్తుగా విరిగి పడతాయి, అందుకని నీడ వదులుకుని ఎండలోనే దిగాం. పద్నాలుగు నిమిషాల్లో గుడారం నిలబడింది. కుక్కర్ కూతలు అయ్యేసరికి పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నారు. రాత్రి నాకు మెలకువ వచ్చి చూస్తే మడత మంచం ఖాళీ. కంగారుగా లేచాను. జిప్పు తీసి ఉంది. బయట టార్చి వెలుగు నెమ్మదిగా మరుగుదొడ్డి వైపు నుంచి వెనక్కి వస్తోంది.