టమాటా ఎరువు మిగతా మొక్కలకు వేస్తే ఏమైంది

కొన్నేళ్లుగా నా కుండీల్లో చాలా మొక్కలకు టమాటా ఎరువే వేస్తున్నా, నీళ్లలో కలిపి పోసే పొడి రకం. టమాటా కాపు అయిపోయినా డబ్బాలో సగం మిగిలిపోయేది, దాన్ని పారేయడం ఎందుకని మిగతా వాటికి పోయడం మొదలుపెట్టాను. మందారకి వేయొచ్చా, గులాబీ చచ్చిపోదా అని అడిగేవాళ్లు ఎక్కువ. ఏమీ చావదు, డబ్బా మీద ఏ బొమ్మ ఉందో మొక్కకేం తెలుసు.

చూడాల్సింది డబ్బా వెనక ఉన్న మూడు అంకెలు. నత్రజని, భాస్వరం, పొటాష్, ఎప్పుడూ ఇదే వరుస. నేను వాడేది 4-3-8 రకం, అంటే ఆకు పెంచే నత్రజనికి రెట్టింపు, పూతకీ కాయకీ పనికొచ్చే పొటాష్, పైగా కాస్త మెగ్నీషియం. టమాటా పేరుతో అమ్మేవన్నీ ఇలాగే ఉంటాయనుకోవద్దు, 18-18-21 లాంటివీ ఉన్నాయి. అందులో మూడూ దాదాపు సమానం కాబట్టి అది మామూలు ఎరువు కిందే లెక్క, నా అనుభవం దానికి అంతగా వర్తించదు.

అన్నిటికంటే బాగా పనిచేసింది మిరప, వంకాయ, క్యాప్సికమ్ మీద. ఇవి టమాటా కుటుంబమే కదా, ఆశ్చర్యం లేదు. నన్ను ఆశ్చర్యపరిచింది మందార. అంతకుముందు నత్రజని ఎక్కువున్న ఎరువు వేస్తే ఏపుగా పెరిగి ఆకులే తప్ప మొగ్గ ఉండేది కాదు, ఇది మొదలుపెట్టాక మొగ్గలు బాగానే వస్తున్నాయి (ఎండ చాలని చోట ఉన్న కుండీలో మాత్రం ఏ తేడా లేదు, ఎండ లోటు ఎరువుతో తీరదు). గులాబీకీ ఫర్వాలేదు. దోస, బీర పాదులకు పూత మొదలయ్యాకే పోస్తాను, అప్పటిదాకా అవి తీగ సాగాలి కాబట్టి నత్రజనే కావాలి. చిక్కుడుకి పెద్దగా అవసరం పడలేదు, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియానే నత్రజని సంపాదించి పెడుతుంది.

ఆకుకూరలకు మాత్రం దండగ. పాలకూర, తోటకూర బతికాయి గానీ ఆకు చిన్నగా, పాలిపోయి వచ్చింది. మనం తినేది ఆకే అయినప్పుడు పొటాష్ పోసి ఏం లాభం? బ్లూబెర్రీ, అజేలియా లాంటి ఆమ్ల నేల కోరే మొక్కలకు వాటి ఎరువు వాటికే ఉంది, అది వాడండి. పురుగుల్ని తినే మొక్కలకైతే ఏ ఎరువూ మట్టిలో వేయకూడదు, అవి సారం లేని నేలకే అలవాటు పడ్డవి.

ఇంకో సంగతి. టమాటా, క్యాప్సికమ్ కాయల అడుగు నల్లబడి కుళ్లితే చాలామంది ఈ ఎరువే ఇంకాస్త ఎక్కువ పోస్తారు. అది కాయకి కాల్షియం అందక వచ్చే జబ్బు, చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది గానీ ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తడం వల్ల కాయదాకా చేరదు. పొటాష్ మరీ ఎక్కువైతే మొక్క కాల్షియం, మెగ్నీషియం తీసుకోవడం ఇంకా తగ్గుతుంది, అంటే ఎక్కువ పోసినకొద్దీ మనమే సమస్యని పెంచుతున్నాం. నీళ్లు సమంగా పోయడం చూసుకోండి ముందు.

మోతాదు విషయంలో నేను పిసినారినే. డబ్బా మీద రాసినదాంట్లో సగం కలుపుతాను, అదీ మట్టి తడిగా ఉన్నప్పుడే, పొడి మట్టిలో పోస్తే వేళ్లు మాడతాయి. చిన్న నారుకి అసలు పోయను. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కనిపించిందంటే ఉప్పు పేరుకుందని అర్థం, అప్పుడు ఎరువు ఆపేసి అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోస్తాను. మట్టిలో ముందే నిదానంగా కరిగే ఎరువు గుళికలు కలిపి ఉంటే ఇది ఇంకా తగ్గించాలి.

ఈ పొడితో నాకున్న చిరాకు ఒక్కటే, గాలి తగిలితే తేమ పీల్చుకుని గడ్డకట్టేస్తుంది. పనికిరాదని పారేయకండి, గోరువెచ్చటి నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. కాకపోతే గడ్డకట్టాక చెంచాతో కొలిస్తే లెక్క తప్పుతుంది, తూకం వేసుకోవడమే నయం.