‘మాధవ’లో ఒక గడి తగ్గితే: తెలుగు సూక్తి క్రాస్ స్టిచ్ కిట్, రెండేళ్ల తర్వాత

‘మానవ సేవే మాధవ సేవ’ అని గళ్ల బట్ట మీద ఇంటూ గుర్తుల్లాంటి కుట్లతో (క్రాస్ స్టిచ్) రెండు వరుసల్లో కుట్టుకునే కిట్ ఇది. తిరుపతిలో మా హాలు గోడకెక్కి రెండేళ్లు దాటింది. రంగులు, లతల సంగతి తర్వాత. ముందు ధకారం గురించి చెప్పాలి.

కిట్‌లోని గళ్ల కాగితంలో అక్షరం ఎత్తు 14 గళ్లు. 14 కౌంట్ బట్ట (అంగుళానికి 14 గళ్లుండేది) మీద అది సరిగ్గా అంగుళం. ఆ ఎత్తులో ‘ధ’ అడుగున రావాల్సిన నిలువు గీతకు ఒకే ఒక్క గడి ఇచ్చారు. ఒళ్లో పెట్టుకుని కుడుతున్నంతసేపూ అది కనబడుతూనే ఉంటుంది. ఫ్రేముకిచ్చే ముందు గోడకు ఆనించి నాలుగడుగులు వెనక్కి వస్తే, పైనున్న వంపులో కలిసిపోయి ‘మాదవ’ అయింది. దేవుడి పేరులోనే తప్పు! ‘సే’కి ఏత్వం కొస కూడా నిలవక ‘సెవ’లా ఉంది. తెలుగు చదవగల మనిషి ఒక్కరు ఆ నమూనాను దూరం నుంచి చూసి ఉంటే ఇలా బయటికి వచ్చేది కాదు.

ఈ కుట్టు రోమన్ లిపితో పెరిగింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 1598 నాటి జేన్ బోస్టాక్ సాంప్లర్‌లోనూ, అంటే కుట్టు నమూనాల బట్టలోనూ, అక్షరమాల కుట్టి ఉంది. నిలువు గీతలు, అడ్డ గీతలు గళ్లలో ఇట్టే కూర్చుంటాయి. మనవి వంపులు. శ్రీకాళహస్తి కలంకారీలో కలం ఎటు తిప్పితే అటు వంపు వస్తుంది, గళ్ల బట్ట మీద అదే వంపు మెట్లుమెట్లుగా దిగుతుంది. అందుకే ఎత్తు ఎక్కువ కావాలి.

రెండు వరుసలూ విప్పి 20 గళ్ల ఎత్తులో మళ్లీ కుట్టాక గానీ కుదరలేదు. విప్పేటప్పుడు దారం లాగకండి, బట్ట గళ్లు సాగుతాయి. వెనకవైపు నుంచి చిన్న కత్తెరతో రెండు మూడు కుట్లకోసారి కత్తిరించి ముక్కలు తీయాలి. తెల్ల బట్టకు అంటుకున్న మెరూన్ నూగును సెల్లో టేపు అద్ది లేపితే చాలావరకు పోతుంది. ధకారం గీతకు ఒక గడి వెడల్పు, నాలుగు గళ్ల పొడవు ఇచ్చి, కింది లతను 15 గళ్లు దించాలి. పక్కలకు లత లేదు కాబట్టి సరిపోయింది గానీ, అటూ ఇటూ వదిలిన మూడంగుళాల బట్ట రెండంగుళాల లోపుకు వచ్చేసింది.

అసలు అందం తెచ్చింది మాత్రం అక్షరాల చుట్టూ ఒంటి పోగుతో వేసిన బ్యాక్ స్టిచ్, అంటే గీతలా వరుసగా పడే కుట్టు. క్రాస్‌కు రెండు పోగులు, చుట్టూ గీతకు ఒకటి, అదే రంగు. ఏటవాలుగా పడిన ఆ సన్నగీత మెట్లను మింగేసి వంపును నిలబెట్టింది. మూల గళ్లలో ముప్పావు కుట్టు (ఇంటూలో ఒక గీత సగమే ఉండేది) వేయాలంటే గడి మధ్యలో గుచ్చాలి, అక్కడ కిట్‌లోని 24 నంబరు మొండి సూది దిగదు, మొన ఉన్న సూది పెట్టుకోండి. కిట్ మెరూన్ దారం దీనికి చాలదు. యాంకర్ బ్రాండు దారం లచ్చీలు రెండు పట్టాయి. రెండు వరుసలూ కొత్త దారమే కాబట్టి రంగు తేడా రాలేదు.

మొదట్లో బట్ట బిగువుగా ఉంది, బట్టను బిగించే రింగు కూడా అక్కర్లేదని అందరికీ చెప్పాను. ఆ బిగువు గంజిది. చల్లటి నీళ్లలో ఒకసారి ఉతికాక మెత్తబడిపోయింది. లతలు మాత్రం ఇప్పటికీ బాగున్నాయి.

ఫ్రేము దగ్గర ఒక మాట. పటాలు కట్టే షాపుల్లో అలవాటుగా వెనక జిగురు పూసేస్తారు. బట్టను అట్టకు చుట్టి వెనక దారంతో లాగి కట్టమని, అద్దం కుట్టుకు తగలకుండా సందు వదలమని ముందే చెప్పాలి.

గళ్ల కాగితం మీద అక్షరాలు తిరగరాసుకునే ఓపిక ఉంటే, లతల కోసమైనా ఈ కిట్ కొనొచ్చు. తొలిసారి కుట్టేవాళ్లకైతే ఇవ్వను. రెండేళ్లలో మెరూన్ వెలవలేదు, కానీ మా గోడకు ఎండ పడదు. ఎండ తగిలే చోట ఎలా ఉంటుందో నేను చెప్పలేను.