స్వరపేటిక క్యాన్సర్: తొలగింపా, కీమో రేడియేషనా?

ముదిరిన స్వరపేటిక క్యాన్సర్‌కు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: స్వరపేటికను పూర్తిగా తొలగించడం, లేదా దానిని నిలుపుతూ రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు ఇవ్వడం. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 332 మందిపై జరిగి 1991లో వెలువడిన అధ్యయనంలో, నేరుగా శస్త్రచికిత్స పొందినవారిలోనూ, ముందు కీమోథెరపీ, ఆపై రేడియేషన్ పొందినవారిలోనూ రెండేళ్ల తర్వాత 68 శాతం మంది జీవించి ఉన్నారు. రెండో వర్గంలో 64 శాతం మందికి స్వరపేటిక దక్కింది.

తొలగింపు తర్వాత శ్వాస శాశ్వతంగా మెడ ముందున్న రంధ్రం గుండా సాగుతుంది, సహజమైన గొంతు పోతుంది. అయితే శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య అమర్చే చిన్న కవాటంతో చాలామంది మళ్లీ మాట్లాడగలుగుతారు. మాట పోతుందన్న భయంతో చికిత్సను వాయిదా వేసేవారికి ఈ సంగతిని ముందుగానే, ఓపికగా చెప్పడం వైద్యుల బాధ్యత.

రేడియేషన్ సుమారు ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు సాగుతుంది. నోటిపూత, నోరు ఎండిపోవడం, మింగలేకపోవడం సాధారణం. సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మధ్యలో ఆపితే ఫలితం తగ్గుతుంది కనుక, దూరం నుంచి వచ్చేవారు ఆసుపత్రి దగ్గర బసను ముందే చూసుకోవాలి.

కణితి మృదులాస్థిని ఛేదించుకుని బయటికి వచ్చినా, మింగిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా, అవయవాన్ని ఎలాగైనా నిలపాలన్న పట్టుదల కంటే శస్త్రచికిత్సే మేలని నా అభిప్రాయం. రేడియేషన్ తర్వాత వ్యాధి తిరగబెడితే అప్పుడూ స్వరపేటికను తొలగించవచ్చు గానీ, గాయం మానడం మరింత కష్టమవుతుంది.