ఈస్ట్‌సైడ్‌లో ఉండేవాళ్లకి స్కీ పాస్: నా ఓటు స్నోక్వాల్మీకే

ఏటా వసంతం వచ్చేసరికి మా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఎన్నో స్కీ కొండల్లో చెల్లే ఎపిక్ పాస్ కొనాలా, అలాంటిదే ఐకాన్ కొనాలా, లేక పక్కనే ఉన్న స్నోక్వాల్మీ పాస్ చాలా అని. మేముండేది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కి తూర్పున ఈస్ట్‌సైడ్ అని పిలిచే వైపున్న సమ్మామిష్‌లో. భార్యాభర్తలిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పిల్లలిద్దరూ బడికెళ్తారు, నలుగురం స్కీయింగ్ చేస్తాం. ఇలాంటి ఇల్లే మీదీ అయితే సమ్మిట్ ఎట్ స్నోక్వాల్మీ సీజన్ పాస్ కొనండి. కొండగా చూస్తే ఎపిక్‌లో ఉన్న స్టీవెన్స్ పాస్ గానీ ఐకాన్‌లో ఉన్న క్రిస్టల్ మౌంటెన్ గానీ దీనికన్నా మెరుగే, అందులో అనుమానం లేదు. కానీ చలికాలం పొడుగునా వాడుకోవాల్సిన పాస్ కొంటున్నప్పుడు నేను అన్నిటికన్నా ముందు చూసేది ఇంటి గుమ్మం నుంచి కొండెక్కించే లిఫ్ట్ దాకా ఉన్న దారిని.

ఇసక్వా దగ్గర ఐ-90 ఎగ్జిట్ నంబరు 17. స్నోక్వాల్మీలో ఒక భాగమైన సమ్మిట్ వెస్ట్‌కి దిగేది 52 దగ్గర. ఇక్కడ ఎగ్జిట్ నంబర్లు మైళ్ల లెక్కే కాబట్టి మధ్యలో ఉన్నది 35 మైళ్లు, అంతా ఫ్రీవే, ఎక్కడా సిగ్నల్ ఉండదు. దారి బాగుంటే గంటలోపే బూట్లు బిగించుకుంటూ ఉంటాం. స్టీవెన్స్‌కైతే ముందు మన్రో చేరాలి, అక్కడి నుంచి హైవే 2 మీద దాదాపు 50 మైళ్లు, అందులో ఎక్కువ భాగం అటొక లేను, ఇటొక లేను. వెళ్లేటప్పుడు ఎలాగో లాగించేస్తాం గానీ ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు సుల్తాన్, గోల్డ్ బార్ దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి, వెనక సీట్లో పిల్లలు తడి సాక్సులతో నిద్రపోతుంటారు, మర్నాడు బడి. క్రిస్టల్‌కి ఇనమ్‌క్లా మీదుగా 410 రోడ్డు ఎక్కాలి. ఇనమ్‌క్లా దాటాక కూడా ఇంకో 40 మైళ్లు ఉంటుంది, చివర్లో కొండ మీదికి ఎక్కే రోడ్డు ఒక్కటే.

దూరం ఒక్కటే కాదు, దారి మూసేస్తే ఏం చేస్తామనేది కూడా ఉంది. ఐ-90 కూడా మూస్తారు. కొండ మీది మంచు కూలే ప్రమాదం ఉన్నప్పుడో, ట్రక్కు అడ్డం తిరిగినప్పుడో గంటల తరబడి ఆగిపోయిన రోజులున్నాయి. కానీ అది పశ్చిమాన్నీ తూర్పునీ కలిపే ప్రధాన రహదారి, సరుకంతా దాని మీదే పోతుంది, అందుకని తెరవడానికి రాష్ట్ర రవాణా శాఖ వాళ్లు రాత్రీపగలూ పని చేస్తారు. 2025 డిసెంబర్ వరదల్లో హైవే 2 దెబ్బతిని మూతపడినప్పుడు స్టీవెన్స్‌కి సీజన్ పాస్ కొన్నవాళ్ల పరిస్థితి ఏమిటో చూశాం. పాస్ జేబులో ఉంది, దారి లేదు.

బయల్దేరే ముందు రవాణా శాఖ యాప్‌లో కనుమ మీది కెమెరాలు చూడండి. ఆల్ వీల్ డ్రైవ్ కారు టైర్లకి మామూలుగా చైన్లు వెయ్యక్కర్లేదు గానీ చైన్లు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు అవి కారులో ఉండి తీరాలి, ఇది చాలామందికి తెలియదు. అన్ని వాహనాలకీ చైన్లు అని పెడితే ఇక మినహాయింపు లేదు, అందరూ వెయ్యాల్సిందే. కొన్న చైన్లని ఒకసారి ఇంటి ముందు, పొడి నేల మీద, వెలుతురులో వేసి చూసుకోండి.

ఇక స్నోక్వాల్మీ మీద అందరూ చెప్పే ఫిర్యాదు వాన. అది నిజం. అక్కడి వెస్ట్, సెంట్రల్ కొండల అడుగుభాగం సుమారు 3,000 అడుగుల ఎత్తులో ఉంటుంది. స్టీవెన్స్ కనుమే 4,061 అడుగులు, క్రిస్టల్ మొదలయ్యేదే 4,400 అడుగుల దగ్గర. వెయ్యి అడుగులు పైకెళ్తే సగటున మూడున్నర ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది, కాబట్టి స్నోక్వాల్మీలో 35 డిగ్రీల్లో వాన పడుతున్న గంటలోనే స్టీవెన్స్‌లో మంచు పడుతుంటుంది. స్నోక్వాల్మీలో మంచు పడినా చాలాసార్లు అది ఇక్కడివాళ్లు కాస్కేడ్ కాంక్రీట్ అని పిలిచే మంచే, తడిపిన ఇడ్లీ రవ్వలాగా బరువుగా, స్కీలకి అంటుకుపోతుంది. 2014-15 చలికాలంలో అసలు మంచే సరిగ్గా పడలేదు, స్నోక్వాల్మీ తెరిచి ఉంచిన రోజులే బాగా తక్కువ. అలాంటి ఏడాది మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, పాస్ కొనేటప్పుడు ఆ రిస్కు లెక్కలో ఉండాలి.

అయితే ఒక విషయం ఉంది. చలికాలంలో తూర్పు వాషింగ్టన్ వైపున్న చల్లగాలి ఈ కనుమలోంచి పడమటికి తోసుకొస్తుంది. ఆ గాలి వీచిన రోజున పైన వెచ్చగా ఉన్నా కనుమలో మాత్రం మంచే పడుతుంది. నార్త్ బెండ్ దాకా వైపర్లు ఆపకుండా కొట్టుకుంటూ వెళ్లి, పైకి ఎక్కేకొద్దీ చినుకు మెల్లగా రేకుగా మారడం చూస్తుంటే పిల్లలు కారులో కేకలు పెడతారు. కనుమలో ఏటా సగటున 400 అంగుళాలకి పైగా మంచు పడుతుంది, ఎత్తు తక్కువని దీన్ని చులకనగా చూడక్కర్లేదు. జాకెట్ మాత్రం నిజంగా నీళ్లు ఆపేది కొనండి, గ్లవ్స్ మనిషికి రెండు జతలు పెట్టుకోండి. మొదటి జత మధ్యాహ్నానికే పిండితే నీళ్లు కారేలా ఉంటుంది.

ఈ పాస్‌కి అసలు విలువ సాయంత్రాల్లో ఉంది. డిసెంబర్‌లో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది, మామూలు కొండల్లో అప్పటికే లిఫ్టులు ఆపేస్తారు. స్నోక్వాల్మీలో లైట్ల కింద రాత్రి స్కీయింగ్ ఉంటుంది, అదీ ఏదో ఒక చిన్న రన్ (జారే దారి) మీద కాదు, బోలెడంత విస్తీర్ణంలో. పని కాస్త త్వరగా ముగించుకుని, పిల్లల్ని బడి దగ్గరే ఎక్కించుకుని, స్టీలు డబ్బాలో పులిహోర, ఫ్లాస్కులో టీ పెట్టుకుని వెళ్లిపోతాం. మంగళవారం రాత్రి సమ్మిట్ వెస్ట్‌లో లిఫ్ట్ దగ్గర క్యూ దాదాపు ఉండదు. శనివారం పొద్దుటి నుంచీ నిలబడితే పిల్లలకి దొరికే రన్‌లకన్నా ఆ రెండు గంటల్లో దొరికేవే ఎక్కువ. స్టీవెన్స్‌లోనూ రాత్రి స్కీయింగ్ ఉంది గానీ వారం మధ్యలో ఆఫీసు అయ్యాక హైవే 2 మీద అంత దూరం వెళ్లి రావడం సమ్మామిష్ నుంచి కుదిరే పని కాదు. ఎవరెట్ వైపు ఉండేవాళ్లకైతే లెక్క మారుతుంది, వాళ్లు స్టీవెన్సే కొనుక్కోవాలి.

ఒకే పాస్ మీద నాలుగు చోట్లున్నాయి. వెస్ట్ నేర్చుకునేవాళ్లకి సరిగ్గా సరిపోతుంది, కన్వేయర్ బెల్టు మీద నిలబడి పైకెళ్లి మెల్లగా జారుతూ దిగొచ్చు. సెంట్రల్ పెద్దది, జనమూ అక్కడే ఎక్కువ. ఈస్ట్ ప్రశాంతంగా ఉంటుంది. ఫ్రీవేకి అవతలి పక్కనున్న ఆల్పెంటల్ మాత్రం పూర్తిగా వేరే ప్రపంచం. నిటారుగా, రాళ్ల మధ్యగా దిగే రన్లు, పైన చైర్ 2 అనే లిఫ్ట్ ఎక్కితే తేలికగా దిగే దారే లేదు. స్నోక్వాల్మీ పిల్లలకోసమే అనేవాళ్లు ఒకసారి ఆల్పెంటల్‌కి వెళ్లొచ్చి మాట్లాడాలి. మా అబ్బాయి వెస్ట్‌లో అన్నిటికన్నా తేలికైన గ్రీన్ రన్లతో మొదలుపెట్టి ఇప్పుడు ఆల్పెంటల్‌లో కింది లిఫ్ట్ మీద తిరుగుతున్నాడు, మా అమ్మాయి ఇంకా సెంట్రల్‌లోనే ఉంది, ఇద్దరికీ అదే పాస్.

ఎపిక్ గురించి. స్టీవెన్స్‌ని ఎపిక్ పాస్ అమ్మే వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2018లో కొన్నది, అప్పటినుంచి అది ఎపిక్‌లో భాగం. 2021-22 చలికాలంలో సిబ్బంది చాలక కొండలో చాలా భాగం తెరవలేని పరిస్థితి వచ్చి, 40 వేల మందికి పైగా పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత కొత్త మేనేజర్ వచ్చాడు, నిర్వహణ బాగుపడింది. 2025-26కి ఎపిక్ మొదటి ధర 1,051 డాలర్లు, దానికన్నా చవకైన ఎపిక్ లోకల్ 783. మన వాళ్లు చాలామంది దీన్ని కొనేది కెనడాలో ఉన్న విస్లర్ కోసం. కొనేముందు పాస్‌పోర్ట్ తీసి చూసుకోండి. హెచ్1బి మీద ఉన్న భారత పౌరులకి కెనడా వెళ్లాలంటే విజిటర్ వీసా కావాలి, గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు. ఇంట్లో ఒకరికి వీసా ఉండి ఇంకొకరికి లేకపోతే విస్లర్ ట్రిప్ అక్కడితో ఆగిపోయినట్టే. పైగా లోకల్ పాస్‌కి విస్లర్‌లో లెక్కపెట్టిన రోజులే ఇస్తారు, సెలవు రోజులు కుదరవు.

ఎపిక్‌లో నాకు నచ్చిన విషయం ఒకటుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు. 2020 నుంచి పాస్‌తో పాటే ఎపిక్ కవరేజ్ అని ఇస్తున్నారు, విడిగా డబ్బు కట్టక్కర్లేదు. దెబ్బ తగిలినా, ఉద్యోగం పోయినా నిబంధనల ప్రకారం డబ్బు వెనక్కి అడగొచ్చు. లేఆఫ్ టెన్షన్ ఇంటింటా ఉన్న ఈ రోజుల్లో, అందులోనూ వీసా మీద ఉన్నవాళ్లకి, నలుగురి పాసుల మీద పెట్టే డబ్బు చిన్న మొత్తం కాదు. మీరు ఏ పాస్ కొన్నా ఆ రిఫండ్ పేజీ మొత్తం చదివాకే కార్డు నంబరు కొట్టండి.

క్రిస్టల్ అందం గురించి ఎంత చెప్పినా తక్కువే. 2,600 ఎకరాలతో రాష్ట్రంలోకెల్లా పెద్దది, మబ్బు లేని రోజున గొండోలా అనే కేబుల్ కారు దిగగానే ఎదురుగా రెయినియర్ పర్వతం నిలబడి ఉంటుంది. పిల్లలు లేనివాళ్లు, పెద్ద పిల్లలున్నవాళ్లు, శుక్రవారం సెలవు పెట్టగలిగేవాళ్లు అక్కడికే వెళ్లాలి. కానీ వారాంతాల్లో రద్దీ ఎలా ఉంటుందంటే 2020 జనవరిలో శని, ఆదివారాలకి కౌంటర్‌లో డే టికెట్లు అమ్మడమే ఆపేశారు. ఐకాన్ 2025-26కి 1,329 డాలర్లతోనూ, చవకైన ఐకాన్ బేస్ 909తోనూ మొదలైంది. ఐకాన్‌లో స్నోక్వాల్మీ కూడా ఉంది కదా, రెండూ కలిసొస్తాయి కదా అని అడుగుతారు. ఉంది, కానీ అక్కడ కొన్ని రోజులే ఇస్తారు. వారం వారం సాయంత్రాలు వెళ్లే ఇంటికి ఆ రోజులు జనవరికే అయిపోతాయి. ఐకాన్ కొనాల్సింది ఏటా యూటాకో కొలరాడోకో విమానం ఎక్కేవాళ్లు.

ఏ పాస్ అయినా వసంతంలోనే చవక, తర్వాత మెట్టుమెట్టుగా పెరుగుతుంది, చలికాలం దగ్గరపడ్డాక కొంటే బాగా నష్టం. ధర తక్కువగా కనిపించే పాసుల్లో బ్లాకౌట్ రోజులు, అంటే పాస్ చెల్లని రోజులుంటాయి. బడికి క్రిస్మస్ సెలవులిచ్చే వారం, ప్రెసిడెంట్స్ డే వారాంతం అందులో పడ్డాయో లేదో క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూడండి, ఎందుకంటే పిల్లలున్నవాళ్లకి ఖాళీ దొరికేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

పిల్లలకి స్కీలు కొనకండి, సీజన్ మొత్తానికి అద్దెకి తీసుకోండి. సెప్టెంబర్, అక్టోబర్‌లోనే వెళ్లాలి. మేం తీసుకున్న ఒక షాపులో సైజు చాలకపోతే ఎప్పుడైనా మార్చి ఇస్తామన్నారు. తీరా జనవరిలో మా అమ్మాయి బూటు బిగుతైందని తీసుకెళ్తే ఆ సైజు స్టాకు లేదు, వచ్చాక ఫోన్ చేస్తాం అన్నారు. ఫోన్ రాలేదు. పిల్ల మడమ మీద చర్మం ఎర్రగా కమిలిపోయింది, చివరికి వేరే చోట మళ్లీ డబ్బు కట్టి తీసుకున్నాం. బూట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. పల్చటి స్కీ సాక్సు ఒక్కటే వేసి, బకిల్స్ అన్నీ పెట్టి, మోకాళ్లు ముందుకి వంచి నిలబెట్టినప్పుడు కాలి వేళ్లు కదలాలి, మడమ లేవకూడదు. పది నిమిషాలు ఆ బూట్లతోనే షాపులో నడిపించండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లకి లిఫ్ట్ టికెట్ కొనాల్సిన పని లేదు. వాళ్లకి కావాల్సింది మంచు ముట్టుకోవడం, ఫొటోలు, కాస్త దూరం జారడం. ఎగ్జిట్ 54 దగ్గర హాయక్ స్నో పార్క్ ఉంది, స్లెడ్ల కోసమే చదును చేసిన వాలు, పక్కనే బాత్రూములు. కారుకి స్నో పార్క్ పర్మిట్ కావాలి, సీజన్ మొత్తానికి తీసుకునే పర్మిట్ అయితే దాంతో పాటు గ్రూమ్‌డ్ స్టిక్కర్ కూడా ఉండాలి. మీ స్కీ పాస్ అక్కడ చెల్లదు. పర్మిట్, స్టిక్కర్ ఇంటి దగ్గరే కొనుక్కుని వెళ్లండి. గాలి ట్యూబులో కూర్చోబెట్టి జారించే ట్యూబింగ్ ఎక్కించాలనుకుంటే సమ్మిట్ ట్యూబింగ్ టికెట్లు వారాంతానికి ముందే అయిపోతాయి, వాళ్ల ఫ్లైట్ టికెట్ ఖాయం కాగానే అవి కూడా బుక్ చేసేయండి.